గోడలో సముద్రం

డిసెంబరు 14, శనివారం.

వదినా, పొద్దున్నే వడియాలు పెట్టాను, బియ్యం చెరిగి డబ్బాకెత్తాను, దుప్పట్లు ఉతికాను. మధ్యాహ్నం షమీమ్‌తో నాగాయలంక వెళ్లొచ్చాను.

షమీమ్ అంటే చల్లపల్లి బడిలో నీ ఆఖరి క్లాసు పిల్ల. ఇప్పుడు అక్కడ నీ సైన్సు పాఠాలు తనే చెబుతోంది. మన పొలాల కింద ఒకప్పుడు సముద్రం ఉండేదని, తీసుకెళ్లి చూపిస్తానని ఆ క్లాసుకి మాటిచ్చావట. ఆ వేసవిలోనే నువ్వు మంచం పట్టావు, మళ్లీ లేవలేదు.

ఇప్పుడు తన పదో తరగతికి అది చూపించాలని షమీమ్ పట్టుదల. మన దగ్గర కొండా లేదు, బండా లేదు. చివరికి కొత్తగా తవ్విన రొయ్యల చెరువొకటి దొరికింది. తవ్విన గోడలో పైన నల్లమట్టి, దాని కింద ఇసుక, అడుగున ఆల్చిప్పల వరస. తీరా వెళ్లి, సోమవారం పిల్లల్ని బస్సులో పులిహోర పొట్లాలతో తీసుకొస్తామంటే, రేపే నీళ్లు పెడుతున్నామన్నారు. గోడంతా మునిగిపోతుందని నా ప్రాణం ఉసూరుమంది.

"మట్టిగోడ చూడ్డానికి బస్సేసుకుని రావాలా అమ్మా?" అని నవ్వాడు చెరువు యజమాని.

"అది చదివే గోడ, మావయ్యా!" అంది షమీమ్.

"అయితే నా చెరువుక్కూడా పరీక్షలు పెడతారన్నమాట," అంటూ ఆయన దిగి, గోడలోంచి ఒక చిప్ప పెరికాడు. అరచేతిలో చాలాసేపు తిప్పి చూసుకున్నాడు. "సోమవారం పిల్లలు చూసి వెళ్లేదాకా మోటారు వెయ్యనులే. పులిహోర నాక్కూడా తేవాలి మరి."

తిరుగు బస్సులో షమీమ్ నా భుజం మీద తల వాల్చి హాయిగా నిద్రపోయింది. చింతపండు రేపు నానబెడతాను. నువ్వు ఆ క్లాసుకి పడ్డ బాకీ, వదినా, సోమవారంతో చెల్లు.