సార్ సీసాలో పచ్చనీళ్లు

ఫిబ్రవరి 9, ఆదివారం

పక్క క్వార్టర్ వామనరావు సార్ మైక్రోస్కోప్‌లో యూగ్లీనా చూపించాడు. కుంటనీళ్లలో ఉడికిన గోధుమలు వేసి మూడు నెలలుగా పెంచుతున్నాడు. ఒంటికంతా ఒకటే కణమట. ఆకులా ఎండతో తిండి వండుకుంటుందట, చేపలా ఈదుతుందట. వెలుతురు ఎటుందో తెలియడానికి ఎర్రటి చుక్క కన్ను.

ఇరవై ఎనిమిదిన సైన్స్ డే. గర్ల్స్ స్కూల్ వాళ్లు వచ్చి చూపించమన్నారు. ఆయన సైన్స్ టీచర్‌గా రిటైరై నాలుగేళ్లు. బడి పిలవడం ఇదే మొదలు. చొక్కా ఇప్పుడే ఇస్త్రీ చేసి పెట్టుకున్నాడు.

"నీకేం సమజైతదిరా సదయ్యా, సైన్స్‌ల పందొమ్మిది మార్కులోనివి" అన్నాడు. టెన్త్ తప్పి ముప్పై ఏళ్లయినా మరవడు. చెప్తా ఈయన పని.

ఫిబ్రవరి 10

పొద్దున ఐదింటికి, సార్ లేవకముందే, పచ్చనీళ్లు నా బాటిల్లోకి, నల్లానీళ్లు ఆయన సీసాలోకి. డ్యూటీకి పోతే బొగ్గుబాయి మూతి దగ్గర బీడీలు, అగ్గిపెట్టెల కోసం తడిమే గార్డు ఇదేందన్నాడు. షుగర్ కషాయమన్నాను. తనకూ ఒక గుక్క పొయ్యమన్నాడు, దరిద్రుడు! బాయి కింద చీకట్లో పంపు వెనక దాచాను. మూత వదులుగానే పెట్టాను, వాటికీ ఊపిరాడాలిగా. రెండు రోజులు ఏడిపించి ఇచ్చేస్తా.

ఫిబ్రవరి 12

బాయిలో మెట్లు జారాను. చీలమండ బూరెలా పొంగింది. దవాఖానలో పది రోజులు రెస్ట్ రాశారు. బాటిల్ కిందే ఉంది.

ఫిబ్రవరి 18

సీసాలో అన్నీ చచ్చాయనుకుని సార్ ఇస్త్రీ చొక్కా మళ్లీ పెట్టెలో పెట్టేశాడని మా ఆవిడ యమున చెప్పింది. నవ్వు రాలేదు.

ఫిబ్రవరి 22

డ్యూటీ ఎక్కాను. బాటిల్లో పచ్చ లేదు. గంజినీళ్లలా తెల్లగా ఉన్నాయి. వచ్చేటప్పుడు స్వీట్లలో కలిపే పచ్చరంగు పొట్లం కొన్నాను.

ఫిబ్రవరి 23

రంగు కలిపితే నమ్మేవాడే. కానీ అంతమంది పిల్లల ముందు లెన్స్ కింద పెట్టేది ఆయన. బాటిల్, పొట్లం రెండూ ముందు పెట్టి అంతా చెప్పాను. గాడిద నుంచి మొదలుపెట్టి చాలా జంతువుల పేర్లతో తిట్టాడు. తర్వాత ఒక చుక్క తీసి చాలాసేపు చూశాడు.

"సావలేదురా! పచ్చ పోయింది, పానం పోలే. చీకట్ల వండుకునుడు బంద్ వెట్టి, నీళ్లల్ల దొరికింది తింటున్నయి. బాయిల నువ్వు టిఫిన్ డబ్బ తిన్న లెక్కనే. ఎర్రకన్ను గట్లనే ఉన్నది, సూడు."

చూశాను. ఉంది. తెల్లగా, తిరుగుతూ.

బాటిల్ కిటికీలో పెట్టాడు. ఎండకు మళ్లీ పచ్చబడతాయట. ఐదు రోజులే ఉంది.

ఫిబ్రవరి 26

పచ్చ! లేతగా, పెసరకట్టులా. సార్ గోడ మీద నుంచి ఇస్త్రీపెట్టె అడిగాడు.

ఫిబ్రవరి 28

నలభై మంది ఆడపిల్లలు. "వీనికి పందొమ్మిది మార్కులు. కాని మీకన్న పెద్ద ప్రయోగం చేసిండు" అని నన్ను ముందుకు లాగాడు. క్లాసు ముందు మోకాళ్ల మీద కాకుండా నిలబడటం నాకు ఇదే మొదటిసారి.

మార్చి 1

షిఫ్టు దిగి బాయిలోంచి పైకి వస్తుంటే దూరంగా బాయి మూతి చుక్కంత వెలుతురై కనపడింది. ఎవరూ చెప్పకుండానే అందరం అటే, కొంచెం జల్దిగా.