పుల్లీ మీద తెల్లగీత

సోమవారం, ఉదయం 6.10
ఈ రోజు నుంచి కారు పని నా చేతులతోనే. మెకానిక్ షెడ్డు గుమ్మం తొక్కను!

కారు మామగారిది. మాకిచ్చి ఏడాదైంది. తాళాలు ఇస్తూ ఆయన అన్న మాట ఇంకా చెవిలో గింగురుమంటోంది: "ఇరవై ఏళ్లు దీని మీద మెకానిక్ చెయ్యి పడనివ్వలేదు అల్లుడూ. ఇక నీ సంగతి చూద్దాం."

ఆదివారం వస్తున్నారు. స్టేషన్‌కి ఈ కారులోనే వెళ్లాలి. ఇదేమో సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది. ఆయన ముందు తల దించుకోవడం నా వల్ల కాదు.

సోమవారం, సాయంత్రం 7.00
మూడు వీడియోలు చూశాను. దొంగ దొరికాడు! పేరు హార్మోనిక్ బ్యాలెన్సర్. ఇంజన్ ముందు బెల్టు తిప్పే పుల్లీయే అది. లోపల ఇనుప ముక్క, బయట ఇనుప చట్రం, మధ్యలో రబ్బరు. ఇంజన్ వణుకును ఆ రబ్బరు మింగేస్తుంది. అది పట్టు వదిలితే వణుకంతా మన నడుముకే.

పరీక్ష సులువు. లోపలి ముక్క నుంచి చట్రం దాకా ఒక గీత గీసి కారు నడపాలి. చట్రం జారి గీత విరిగిందా, రబ్బరు పోయినట్టే.

మా ఆవిడ బళ్లో డ్రాయింగ్ టీచరు. ఆమె తెల్లరంగు సీసా, సన్న కుంచె చెప్పకుండా తీసుకుని గీసేశాను. చెయ్యి కాస్త వణికింది. ఫర్వాలేదు.

మంగళవారం, ఉదయం 8.20
వీధిలో నాలుగు చుట్లు. ఇంజన్ చల్లారాలని బానెట్ ఎత్తి స్నానానికి వెళ్లాను. వచ్చి చూస్తే గీత తిన్నగా ఉంది! స్కేలు పెట్టి గీసినట్టు! బ్యాలెన్సర్ నిర్దోషి. ఇంత బాగా గీశానా అని కొంచెం గర్వం కూడా.

బుధవారం
కొత్త స్పార్క్ ప్లగ్గులు వేశాను. నాలుగు చుట్లు. స్నానం.
వణుకు: అలాగే.
గీత: తిన్నగా.

గురువారం
ఆఫీసుకి సెలవు. ఇంజన్ కింది రబ్బరు దిమ్మలు మార్చాను. మూడు వేళ్లు నలిగాయి.
వణుకు: పెరిగింది.
గీత: ఇంకా తిన్నగా!!
ఈ కారుకి నా మీద కక్ష.

శుక్రవారం, ఉదయం 8.30
నాలుగు చుట్లయ్యాయి. తువ్వాలు మరిచిపోయి వెనక్కి వచ్చాను. ఎత్తిన బానెట్ కింద వంగి మా ఆవిడ. ఒక చేతిలో కుంచె, ఒక చేతిలో స్కేలు.

"ఏం చేస్తున్నావ్?"

"మీరు గీసిన గీత రోజూ విరిగి ఉంటోందండీ. చూడలేక సరిచేస్తున్నాను."

"రోజూనా?!"

"మరి? మా నాలుగో తరగతి పిల్లలు ఇంతకంటే తిన్నగా గీస్తారు."

అంటే రబ్బరు మొదటి రోజే పోయింది! తర్వాత నవ్వొచ్చింది. ఆదివారం గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. కొత్త బ్యాలెన్సర్ కొనుక్కొచ్చాను.

శనివారం
9.00. బోల్టు కదల్లేదు.
10.30. పానాకి పైపు తొడిగి దాని మీద నిలబడ్డాను. కదిలింది! నేను పూలకుండీలో పడ్డాను.
11.15. పుల్లీని లాగే పనిముట్టు, పుల్లర్, దాని కొక్కేలు చట్రానికి తగిలించి తిప్పాను. ఊడొచ్చింది!!!
11.16. చట్రం మాత్రమే. లోపలి ముక్క ఇంజన్‌ని కరుచుకుని అక్కడే ఉంది.
12.00. చట్రాన్ని పట్టి లాగకూడదట. లోపలి ముక్కకున్న రంధ్రాల్లో బోల్టులు బిగించి లాగాలట. వీడియోలో ఆ సంగతి ఉంది. నేనే దాటేశాను.
2.00. సుత్తి తెచ్చాను. మా ఆవిడ లాక్కుంది.
3.00. షెడ్డు గుమ్మం తొక్కనన్నాను. తొక్కలేదు. రోడ్డు మీదే నిలబడి మెకానిక్‌ని కేకేశాను.
4.10. అతను అరగంటలో పాతది లాగి కొత్తది బిగించాడు. టార్చి పట్టుకున్నది నేనే కాబట్టి ఇద్దరం చేశామనుకోవాలి.

"పాత బోల్టు మీద ఎర్రరంగు చుక్క ఉంది సార్. షెడ్డులో బిగిస్తేనే ఇలా గుర్తు పెడతారు" అన్నాడు వెళ్తూ. నేను పట్టించుకోలేదు.

ఆదివారం, ఉదయం 9.30
నిన్న బుద్ధి లేక చేతులు సబ్బుతో రుద్ది కడిగేశాను. తళతళలాడుతున్నాయి. ఈ చేతులు చూస్తే ఆయన నమ్ముతారా? గోళ్లకి నల్ల షూ పాలిష్ పట్టించాను.

మధ్యాహ్నం 12.00
మామగారు ముందు సీట్లో కూర్చున్నారు. సిగ్నల్ దగ్గర ఆగాం. వణుకు లేదు.

"నువ్వే చేశావా?"

"మరి!"

ఆయన నా చెయ్యి అందుకుని వాసన చూశారు.

"షూ పాలిష్."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన గొంతు తగ్గించారు.

"రెండు చుక్కలు ఇంజనాయిల్ కలపాలి అల్లుడూ. ఇరవై ఏళ్లు నేను అలాగే నెట్టుకొచ్చాను. మీ అత్తయ్యకి ఇప్పటికీ తెలీదు."

వెనక సీట్లోంచి మా ఆవిడ అంది: "ఎందుకు తెలీదు నాన్నా? ఆ పాలిష్ అంటిన చొక్కాలు ఉతికింది అమ్మేగా!"

ఏడాదిగా ఆయనంటే ఉన్న బెరుకు ఆ సిగ్నల్ దగ్గరే దిగిపోయింది. ముగ్గురం నవ్వుతూనే ఉన్నాం, వెనక బండ్లవాళ్లు హారన్లు కొట్టేదాకా.

సోమవారం, ఉదయం 6.10
బ్రేకు కీచుమంటోంది. ఈ రోజు నుంచి కారు పని మా చేతులతోనే! మామగారు పానా పట్టుకున్నారు. నేను వీడియో పెట్టాను. షెడ్డు గుమ్మం ఇద్దరం తొక్కం!

కారు పక్క గోడ మీద మా ఆవిడ మెకానిక్ ఫోన్ నంబరు తెల్లరంగుతో రాసిపెట్టింది. కింద స్కేలు పెట్టి గీత కూడా గీసింది.