ఎద్దుల ఆసుపత్రిలో దొరసాని

కడప, శనివారం రాత్రి

ఓ డైరీ మహాప్రభూ! బి.ఏ. చదివినవాడు నీ పుటలను పిల్లి దగ్గుతో నింపుతున్నందుకు సాష్టాంగ క్షమాపణ.

మా పిల్లి దొరసానికి నాలుగేళ్లుగా వైద్యం పశువుల ఆసుపత్రిలోనే. పిల్లి ఎదురైతే రైతులు జబ్బు ఎద్దుతో సహా ఇంటికి మళ్లిపోతారని డాక్టరుగారు మాకెప్పుడూ చివరి వంతే ఇస్తారు. ఈ రోజు దానికి ఊపిరాడకపోతే, బుట్టలో పెట్టుకుని పొద్దున్నే పోయాను. గేటు దగ్గర ఒక ముసలాయన తూలుతున్న ఎద్దును నడిపిస్తున్నాడు.

"బుట్టలో ఏముండాదప్పా?"

"వంకాయలు."

"వంకాయలు దగ్గుతాండాయే! పిల్లి గాదు గదా నాయనా? నాకుండేది ఈ ఒక్క ఎద్దే."

"కాదు పెద్దాయనా" అన్నాను.

ఆ ఎద్దుకు మందు పట్టేసరికి మధ్యాహ్నమైంది. దొరసానిని చూసి డాక్టరుగారు, "ఇంత ఆలస్యమేమప్పా? తెల్లారితే గానీ చెప్పలేను" అన్నారు.

ఇప్పుడది మంచం కింద ఎగశ్వాసతో ఉంది. శకునాలను కాలేజీలో అంత ఎగతాళి చేసిన నేను అక్కడ ఎవరికి భయపడ్డానో అర్థం కావడం లేదు. ముసలాయన నన్ను లోపలికి పోకుండా ఆపలేదు. నేనే ఆసుపత్రి గోడ వెనక్కి పోయి, ఆ ఎద్దు పని అయ్యేదాకా దొరసాని గొంతు వినపడకుండా బుట్ట మీద కోటు కప్పి అదిమి పట్టుకున్నాను.