కూలివాళ్ల కూడు

అనంతపురం, సోమవారం రాత్రి

పొద్దున్నే నేనూ, నా భార్య సావిత్రీ మద్రాసు నుంచి వచ్చి దిగాము. నాలుగు రోజులు సముద్రపు గాలి పీల్చి వచ్చినా మనసు తేలికపడలేదు. తప్పు నాదే.

మొన్న సాయంత్రం బీచి నుంచి తిరిగొచ్చాక, నా స్నేహితుడు సుందరం ఇంట్లో సావిత్రి ఎంతో ఇష్టంగా రాగిసంగటి కెలికి, నంజుకోను శెనక్కాయల ఊరిబిండి నూరింది. పిండి ఇక్కడినుంచే మూట కట్టుకొచ్చింది.

"మీరు రోజూ ఇదే తింటారా?" అని సుందరం అడిగాడు. ఆ మాటలో ఎగతాళి ఏమీ లేదు. నేనే బెదిరిపోయి, "ఛ ఛ, ఇది మా పొలంలో కూలీలకు వండేది" అన్నాను. మాకు పొలమే లేదు. మా నాయన కూలికి పోయి, ఈ సంగటే తిని నన్ను చదివించాడు. సావిత్రి గరిటె పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. సుందరం మాత్రం రెండో ముద్ద అడిగి వేయించుకున్నాడు.

ఈ రాత్రి నా కంచంలో వరి అన్నం, సావిత్రి కంచంలో సంగటి.

"నాకు సంగటి లేదా?" అన్నాను.

"కూలోళ్ల కూడు మీకేటికి? మీకని బియ్యం వండినాను, తినండి" అంది. కోపంగా కూడా అనలేదు.

తల వంచుకుని తిన్నాను. ఎదురుగా తను సంగటి తుంచుకుంటుంటే, ఒక్క ముద్ద పెట్టమని అడగడానికి నోరు రాలేదు.