వెనిస్‌లో నేను వంట చెయ్యను

ఏవండీ,

షిఫ్టు నుంచి రాగానే యూనిఫాం ఎర్రదుమ్ము బయటే దులిపి బకెట్లో వెయ్యండి. పప్పు, వంకాయ కూర స్టవ్ మీదున్నాయి, వేడిచేసుకుని తినండి. బీపీ మాత్ర మరిచిపోకండి.

నేను పాసింజరెక్కి విశాఖపట్నం మా అక్క దగ్గరికి వెళ్తున్నాను. ఎందుకు వెళ్తున్నానో రాయాలంటేనే ఒళ్ళు కంపరమెత్తుతోంది. నిన్న వరండాలో మీరు మీ అన్నయ్యతో ఫోన్లో మాట్లాడింది విన్నాను. "వెనిస్‌లో తిండికి బెంగ లేదన్నయ్యా, మా ఆవిడ రైస్ కుక్కర్ తెస్తుంది, మనవాళ్ళు పదిమందికీ గదిలోనే వండేస్తుంది" అన్నారు. ఆయనేదో అడిగితే పకపకా నవ్వి, "దానికి ఊళ్ళు చూసే సరదా ఎక్కడుంది!" అన్నారు.

నీళ్ళలో కట్టిన ఆ ఊరు చూద్దామని మొదట అన్నది నేను. ఆర్నెల్లుగా ఏ పడవ ఏ రేవులో ఆగుతుందో నోటు పుస్తకంలో రాసుకున్నదీ నేనే. ఈ ఇనుపగనుల ఊరు బచేలీ వచ్చాక ఇరవై మూడేళ్ళు మీ వాళ్ళందరికీ ఈ క్వార్టర్లో వండిపెట్టాను. అలసిపోయాను గానీ అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు. నిన్న మీరు నవ్వుతుంటే వేసింది.

నా పాస్‌పోర్టు తీసుకెళ్తున్నాను. అక్కా నేనూ కలిసి వెళ్తాం. మీరు పదిమందీ మీ ఇష్టం వచ్చినట్టు వెళ్ళండి.

సుభాషిణి

మీరొక్కరే మాతో వస్తానంటే ఆదివారంలోపు ఫోన్ చెయ్యండి. మూడో సీటు ఆపి ఉంచమని అక్కతో చెప్పాను. నేను ఫోనెత్తగానే ముందు క్షమాపణ చెప్పాలి, ఆ తర్వాతే మాట్లాడాలి.