నా కూతురి ముందు బెంచీ గురించి

శ్రీయుత బ్లాకు విద్యాధికారి గారికి,
కొంటా.

విషయం: పదో తరగతిలో లెక్కలు తప్పిన నా కూతురు దుర్గాభవానిని మళ్ళీ ఏడాదంతా అదే తరగతిలో కూర్చోబెట్టకుండా సప్లిమెంటరీకి పంపించుట, అందులో నాకున్న అనుమానములు తీర్చుట గురించి.

అయ్యా,

శబరి ఒడ్డున ఉన్న మా ఊరి నుంచి రామనర్సయ్య భార్య ఉప్పలమ్మ దండాలు పెట్టి తెలియజేసుకొనునది. నేను అవతలి ఒడ్డున చింతూరు దిక్కు పుట్టి, తెలుగు బడిలో ఐదు వరకే చదివాను. ఇక్కడి ఆఫీసులకు హిందీలో అర్జీలు రాసే ఆయన తహసీలు ముందు కూర్చుంటాడు గానీ, ఆయన మా హెడ్మాస్టరుతో కలిసి టీ తాగుతుండగా చూశాను. అందుకని నేనే రాస్తున్నాను. తమరు జీపు డ్రైవరును తెలుగులో కోప్పడుతుండగా నా చెవులతో విన్నాను కనుక, ఇది చదవరాదని మాత్రం అనవద్దు.

1. నా కూతురు ఆరు నెలల పరీక్షలో లెక్కల్లో తరగతికి మొదటిది. మార్చి పరీక్షలో అన్నీ పాసై, లెక్కల్లో మాత్రం పదకొండు మార్కులు వచ్చాయి. అన్నిటిలో తప్పితే చదవలేదనుకుంటాను. ఒక్క లెక్కల్లోనే ఎట్లా తప్పుతుంది? కాగితాలు మారినవని, లేదా ఎవరో మార్చినారని నా అనుమానం.

2. సదరు సంగతి అడగబోగా, హెడ్మాస్టరు గారు ఎన్నడూ లేనిది నాకు కుర్చీ వేయించారు. అనుమానం అక్కడ గట్టిపడింది.

"అమ్మా, బచ్చీ హోషియార్ ఉంది. సప్లిమెంటరీ రాస్తే అత్తెసరు మార్కులొస్తాయి. ఇంకో సాల్ బడికొచ్చి చదివితే ఫస్ట్ డివిజన్" అన్నారు.

"పోయినేడు మా పోరని గురించి గూడ గిదే మాట చెప్తిరి గద సారూ" అన్నాను.

ఆయన ఫోను తీసి చెవికి పెట్టుకున్నారు. అది మోగడం నేను వినలేదు. పిల్లలు తక్కువైన బడులను పక్క బడిలో కలిపేస్తారని ఊళ్ళో అనుకుంటున్నారు. తల లెక్క నిలబెట్టుకోవడానికి నా పిల్లలే దొరికినారా అని అడుగుచున్నాను.

3. నా పెద్ద పిల్లవాడు రాంప్రసాద్. వాడూ లెక్కల్లోనే తప్పినాడు. మళ్ళీ చదివించమన్నారు, చదివించాము. దాంతో అన్నా చెల్లెలూ ఒకే తరగతిలో పడ్డారు. పొద్దుగూకితే ఆమె లెక్క చెప్పేది, వాడు "ఓ పంతులమ్మా, జర మెల్లగ" అని ఎక్కిరించేవాడు. చలికాలంలో వాడికి జ్వరం మెదడుకెక్కింది. ఆసుపత్రికి తీసుకుపోతున్న జీపు దోర్నపాల్ దాటకముందే నా ఒళ్ళో పోయాడు. ఆ ఏడాది మళ్ళీ చదవకుండా సప్లిమెంటరీ రాసి ఉంటే, పై చదువుకు జగదల్‌పూర్ హాస్టల్లో ఉండేవాడు. అక్కడ పెద్దాసుపత్రి దగ్గర. మళ్ళీ చదివే ఏడాది మీద నాకు నమ్మకం లేదు అయ్యా. అది తీసుకున్న పిల్లలను తిరిగి ఇవ్వదు.

4. కొంటా రోడ్డు మీద హోటలున్న మా మరిది, "వదినా, పోరికి చదువు అచ్చిరాలే గద, నా గల్లా మీద కూసోబెట్టు" అంటున్నాడు. "అచ్చిరాలేదని నీకెవడు చెప్పిండు?" అన్నాను. హెడ్మాస్టరు గారికి టీ పోయేది ఆ హోటలు నుంచే. ఇది కూడా విచారించగలరు.

5. నా కూతురు సైతం వాళ్ళ పాటే పాడుతున్నది. "మల్ల చదువుతనే అమ్మా. అన్న చదువలేదా?" అంటుంది. పరీక్ష గదిలో ఏమైందే అంటే చింతపండులో గింజలు తీసుకుంటూ తల దించుకుంటుంది. ఎవరో నేర్పి పెట్టారనుకొని కన్నకూతురినే అనుమానించాను.

6. మొన్న చింతపండు కొట్టడానికి పొజ్జే అనే పిల్ల వచ్చింది. నా కూతురితో పాటు అదే గదిలో పరీక్ష రాసిన పిల్ల. నేను హెడ్మాస్టరును తిట్టడం విని, "పెద్దమ్మా, కాగితాలు ఎవ్వలు మార్వలే" అన్నది.

పిల్లవాడు బతికి ఉన్నప్పుడే ఇద్దరి పరీక్ష ఫారాలూ ఒక్కసారే పంపినారు గనుక నంబర్లు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. వాడు పోయినాక వాడి నంబరు ఎవరూ తీయించలేదు. నా కూతురి ముందు బెంచీకి అది అంటించి ఉన్నదట. మిగతా రోజుల్లో వచ్చిన సార్లు ఏమీ అడగకుండా గైరుహాజరు వేసి పోయారు. లెక్కల రోజున కొత్త సారు, మంచాయన, "యే లడ్కా కహా హై?" అని, ఈ పిల్లవాడు ఏడీ అని అడిగాడట.

"మేం నోరు తెర్సేలోపల్నే దుర్గ లేసి 'ఆ రహా హై సర్' అన్నది పెద్దమ్మా. వస్తండని చెప్పింది. ఇగ మేమేం అంటం?"

ఆ సారు సరేనని వాడి ప్రశ్నపత్రం కూడా బెంచీ మీద పెట్టాడు. ఫ్యాను గాలికి అది ఎగిరిపోబోతే, నా కూతురు లేచి తన కంపాసు పెట్టె దాని మీద బరువుగా పెట్టిందట. ఇక ఒకటి రెండు లెక్కలు తప్ప ఏమీ రాయక తలుపు వైపు చూస్తూ కూర్చున్నదట. తర్వాత సారు ఆ కాగితం తీసుకుపోయి, పెట్టె ఆమె ముందు పెట్టినా, మూత తీయలేదట.

7. ఇది తెలిసి నిన్న సప్లిమెంటరీ ఫారం కోసం బడికి పోగా, క్లర్కు నా చేతిలో రెండు పెట్టాడు. "రాంప్రసాద్‌కు గైరుహాజరు పడింది, వాడితో కూడా రాయించు" అన్నాడు. అయ్యా, వాడి చావుకు ఈ బడివాళ్ళే వచ్చి మా వాకిట్లో కూర్చొని పోయారు. నేను ఒకటి తిరిగి ఇచ్చేశాను. నా చేతిలో మిగిలింది కూతురిదేనా అని దారి పొడుగునా చదువుకుంటూ వచ్చాను.

కావున తమరు దయతలచి దుర్గాభవానిని సప్లిమెంటరీ రాయనివ్వవలెను. నా కొడుకు నంబరు అన్నిచోట్లా తీయించవలెను. పరీక్ష గదిలో ఆమె ముందు బెంచీ ఖాళీగా ఉంచరాదు. ఏ ఊరి పిల్లయినా, ఏ కులం పిల్లయినా, ఎన్నిసార్లు తప్పిన పిల్లయినా సరే, ఊపిరి తీసుకునే ఒక వీపు ఆమెకు ఎదురుగా కనబడేటట్లు కూర్చోబెట్టించవలెను. ఇంతకు మించి సర్కారును నేనేమీ కోరుకోవడం లేదు. ఈ మాట తమ మనసున పెట్టుకొనవలెను.

ఇప్పటివరకైతే తమ విధేయురాలు,
ఉప్పలమ్మ

మరొక మాట: ఇది కూతురికి చదివి వినిపించాను. ముందు పొజ్జేను తిట్టింది. తర్వాత, "అన్న వస్తడని సారుకు చెప్పిన గదనే అమ్మా. నేను ఆ క్లాసు ఇడిసిపెట్టి పోతే..." అని ఆగిపోయింది. "వస్తడా బిడ్డా?" అని అడిగాను. "రాడు" అన్నది. మా ఇంట్లో ఆ మాట ఇంతవరకు ఎవరమూ పైకి అనలేదు. ఇద్దరం ఏడ్చి లేచినాక, "ముందట ఎవలన్న కూసుంటె రాస్త తియ్" అన్నది.

పరీక్ష రోజున కిటికీ బయట నిలబడి ఆ బెంచీ నేనే చూసుకుంటాను. తమరి మీద నమ్మకం లేక కాదని నా కూతురు రాయమంటున్నది. అబద్ధం ఎందుకు రాయాలి.