హిజ్కియా సమాధానం

సోహార్,
శనివారం.

ఒకప్పటి స్నేహితుడు కృపావరానికి,

ఈ ఉత్తరం చూసి నేను దారికొచ్చాననుకోకు. నువ్వు ఖబూరాలో నీ కొడుకింట్లో గుండెజబ్బుతో మంచం పట్టావని మా తన్మయి చెప్పింది. "ఒకసారి వెళ్ళి చూసిరా నాన్నా, ఎంత దూరమని!" అంది. వెళ్ళను. ఎందుకు వెళ్ళనో నీకు తెలియాలని రాస్తున్నాను.

ఆరేళ్ళ క్రితం ఇలాగే నా గుండెకు ఆపరేషనై నేను ఆస్పత్రిలో పడి ఉంటే వచ్చావు. ఈ అరబ్బు దేశంలో, ప్లాంటులో ఏళ్ళ తరబడి పక్కపక్క గదుల్లో పనిచేసిన చనువుతో నా మంచం మీదే కూర్చుని మీ యూదా రాజు హిజ్కియా కథ మొదలెట్టావు. జనం ఇత్తడి సర్పానికి ధూపం వేస్తుంటే, సాక్షాత్తూ మోషే చేసిందైనా సరే, ముక్కలు చేయించాడన్నావు. అష్షూరు సైన్యం ముట్టడికి వస్తుందని రాతిని తొలిపించి ఊళ్ళోకి నీళ్ళు తెప్పించాడన్నావు. "మన నిజ్వా తోటలకు నీళ్ళు తెచ్చే ఫలజ్ కాలువ లేదూ, అలాంటిదే అనుకోండి మూర్తిగారూ!" అని మురిసిపోయావు. చావు ఖాయమని ప్రవక్త చెబితే ఆ రాజు గోడవైపు తిరిగి ఏడ్చాడనీ, దేవుడు కరిగి పదిహేనేళ్ళ ఆయుష్షు పొడిగించాడనీ, గుర్తుగా మెట్ల మీది నీడను పది మెట్లు వెనక్కి నడిపించాడనీ చెప్పి, "మీకూ పొడిగించాడండీ" అన్నావు.

నేను ఊరుకుంటానా? ఆ రాజుల చరిత్ర ఇంగ్లీషులో నీకంటే ఎక్కువ చదివినవాణ్ణి. "ఆ పొడిగించిన ఏళ్ళలోనే కదయ్యా కొడుకు మనష్షే పుట్టింది! తండ్రి పడగొట్టినవన్నీ మళ్ళీ కట్టించాడు. బబులోను మనుషులకు ఖజానా అంతా చూపించుకుని, రేపు వాళ్ళే నీ సంతానాన్ని పట్టుకుపోతారని ప్రవక్త చెబితే, నా రోజులు బాగుంటే చాలన్నవాడు మీకు భక్తుడా? అలాంటివాడికి ఆయుష్షు ఎందుకిచ్చాడో మీ దేవుణ్ణే అడుగు" అన్నాను. నీ ముఖం చిన్నబోయింది. లేచి వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "మీకు సమాధానము కలుగును గాక" అన్నావు.

ఎంత మర్యాదగా శపించావయ్యా! నా ప్రశ్నకు తగిన జవాబు దొరుకుతుందిలే అని. పక్కనే ఉన్న మా ఆవిడ శ్యామల, పిచ్చిది, ఆ శాపానికి చేతులు జోడించి నవ్వింది కూడా. నెల తిరక్కుండా అదే ఆస్పత్రిలో జ్వరంతో పోయింది. రోగిని నేను, పోయింది తను. జవాబు వచ్చేసిందని ఆ రోజే అర్థమైంది. నువ్వు పరామర్శకు వస్తే తలుపు తీయొద్దన్నది నేనే. కింద ఎండలో చాలాసేపు నిలబడ్డావట. నిలబడితే నాకేం?

ఇప్పుడు మంచం మీద నువ్వున్నావు. నీ రాజులాగే గోడవైపు తిరిగి ఏడువు. దీనికి సమాధానం రాయనక్కరలేదు.

శ్రీరామచంద్రమూర్తి

సోహార్,
గురువారం.

కృపావరం, నాయనా,

మొన్నటి ఉత్తరం నీ కొడుకు చేతికే ఇచ్చానని తన్మయి ఆఫీసు డ్రైవరు ముఖీత్ చెప్పాడు. ఈపాటికి చదివే ఉంటావు. నా కసి అక్కడితో తీరలేదు. ఇంకో ఉత్తరం రాద్దామని, నీ రాజును నీ భాషలోనే పట్టుకుందామని, అతని కథ తెలుగులో వెతికాను. శ్యామల పెట్టెలో చీరల కింద ఉంది మీ తెలుగు బైబిలు. నేనెన్నడూ ముట్టనిది. సంతానాన్ని బబులోనుకు పట్టుకుపోతారన్న కబురు విన్న రాజు, తన రోజుల్లో "సమాధానము" ఉంటే మేలే అన్నాడట. ప్రశ్నే లేనిచోట సమాధానమేమిటి? తెలుగు చేసినవాడికి తెలుగు రాదని నవ్వుకుని, తన్మయిని పిలిచి చూపించాను.

"వాళ్ళలో సమాధానం అంటే శాంతి నాన్నా. ఇంత చదివావు, నీకు తెలీదూ?" అంది.

"నీకెవరు చెప్పారు?"

"అమ్మే. గుంటూరులో మిషన్ బళ్ళో చదివింది కదా. పరీక్షలప్పుడు నాకు భయమేస్తే తలమీద చెయ్యేసి ఆ మాటే అనేది. నువ్వు వింటే వెక్కిరిస్తావని మెల్లిగా అనేది."

ఇంగ్లీషులో ఆ చోట ఉన్న మాట నాకు కంఠతా వచ్చు. మీ తెలుగులో దాన్ని ఏమంటారో ఒక్కనాడూ తోచలేదు. శ్యామలకు తెలుసు. నువ్వు శాంతి చెప్పి వెళ్తున్నావని తెలిసే చేతులు జోడించింది. తను దాన్ని అందుకుని వెళ్ళిపోయింది. నేను అదే మాటను రాయిలా ఒళ్ళో పెట్టుకుని ఇన్నేళ్ళూ కూర్చున్నాను. ఆ రోజు గదిలో "అతనేమన్నాడే?" అని అడిగి ఉంటే సరిపోయేది. కాపురమంతా కలిసి చేశాం గానీ, ఒక మాటకు అర్థం ఆమెను నేనెప్పుడడిగాను గనక!

శ్యామల పోయినప్పుడు నా పక్కన కూర్చుని ఏడవగల మనిషివి నువ్వొక్కడివే. నిన్ను ఎండలో నిలబెట్టాను.

హిజ్కియా ఖజానా చూపించడం తప్పేనని ఇప్పటికీ అంటాను, దానికి నాతో పోట్లాడు. ఆ ఇత్తడి సర్పం సంగతిలో మాత్రం నీ రాజుదే ఒప్పు. పాముకాటు నుంచి జనాన్ని బతికించిన బొమ్మే అది. అయినా దానికే ధూపం వేస్తూ కూర్చుంటే పగలగొట్టక తప్పదు. నన్ను బతికించింది నా చదువు. నేనూ దానికి ధూపం వేస్తూనే వచ్చాను.

నీడను వెనక్కి నడిపించిన మీ దేవుడు నా ఉత్తరాన్ని వెనక్కి తెప్పించలేదు. ఇది ముఖీత్ ఈ సాయంత్రమే తెచ్చి ఇస్తాడు. రేపు శుక్రవారం, తన్మయికి సెలవు. ఇద్దరం ఖబూరా వస్తున్నాం. మీ గేటు బయట ఎండలో నిలబడతాను. తలుపు తీయమని అడిగే ముఖం నాకు లేదు. తీస్తే మాత్రం, కృపావరం, ఆ రోజు ఆస్పత్రి గుమ్మంలో అన్నమాట ఇంకొక్కసారి అను. ఈసారి చేతులు జోడిస్తాను.

నీ
మూర్తి